ఒక ఊరి పేరు

1429, కోతల పండుగ తర్వాతి ఆదివారం

ఈ వారం కూడా తల ఎత్తలేదు.

పూజలో ప్రభువు శరీరంగా మారే పల్చటి రొట్టెని, అప్పాన్ని, రెండు చేతులతో పైకెత్తాను. గంట మోగింది. చర్చిలో ఉన్నవాళ్లంతా మోకాళ్ల మీద నిలబడి పైకి చూశారు. ఆ క్షణం అప్పాన్ని చూస్తే ఆ రోజుకి చావు దగ్గరికి రాదని మావాళ్ల నమ్మకం, అందుకే మెడలు సాచి మరీ చూస్తారు. ఎమ్మోట్ ఒక్కతే నేలకేసి చూస్తూ ఉంది, పొయ్యి మీద పెట్టి వచ్చిన కుండ గురించి ఆలోచిస్తున్నట్టు.

నేను చూస్తే ఫరవాలేదు. హామండ్ చూశాడు.

పూజ అయ్యాక నేను బట్టలు మార్చుకుంటుంటే లోపలికి వచ్చాడు. గుడి పెద్ద కాబట్టి చెప్పకుండా ఎక్కడికైనా వస్తాడు.

“స్వామీ, మీ వంటావిడకి మెడ పట్టేసిందా?”

“లేదే. ఏం?”

“పైకి చూడలేకపోతోంది, పాపం.”

“వయసు మీద పడుతోంది కదా.”

“నాకంటే ఆరేళ్లు చిన్నది,” అని నవ్వి, కొవ్వొత్తులు ఆర్పుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చేసరికి ఎమ్మోట్ అరుగు మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది.

“అందరూ చూసేటప్పుడు నువ్వూ ఓసారి చూస్తే నీ సొమ్మేం పోయింది?” అన్నాను.

“పొద్దున్నే చూశాను కదా స్వామీ. పిండి కలిపింది నేను, పెనం మీద కాల్చింది నేను. ఒకటి మాడితే కోడికి వేశాను. అప్పటిదాకా నేను చెప్పినట్టు విన్నది. మీరు గంట కొట్టించగానే నేను దానికి మొక్కాలంటే ఎలా?”

“మెల్లగా మాట్లాడు.”

“మెల్లగానే అంటున్నాను. గట్టిగా అంటే హామండ్‌కి చాటుగా వినే పని తప్పేది.”

నవ్వు వచ్చింది. రాకూడదు. ఆ మాటలు వినడం పాపం, నవ్వడం ఇంకా పెద్ద పాపం. నా పాపం చెప్పుకుందామంటే పక్క ఊరి స్వామి పోయిన చలికాలం కాలం చేశాడు, కొత్తవాడిని ఇంకా పంపలేదు. అందుకే ఈ పాత ప్రార్థనల పుస్తకం చివర ఉన్న ఖాళీ పేజీలు తీశాను. ఎవరో ఒకరికి చెప్పుకోవాలి.

మరియమాత జన్మదినం, సెప్టెంబరు

నది అవతలి ఊళ్లో పునీత అగ్నెస్ చెక్క బొమ్మని గొడ్డలితో చీల్చి, ఆ చెక్కతో క్యాబేజీ ఉడికించుకున్నారట. తిన్నవాళ్లు బాగానే ఉన్నారట. ఊరంతా అదే మాట. బొమ్మని కాల్చారని భయపడే వాళ్లు తక్కువ. తిన్నవాళ్లకి ఏమీ కాలేదే అని ఆశ్చర్యపోయేవాళ్లే ఎక్కువ. అదే నాకు భయంగా ఉంది.

మగ్గాల వాళ్లు ముగ్గురు ఈసారి చర్చి భాగం ధాన్యం ఇచ్చేది లేదన్నారు. ఎందుకని అడిగితే, “స్వామీ, పేతురు చేపలు పట్టుకుని బతికాడు. మీరూ ఒక వల కొనుక్కోండి,” అన్నాడు ఒకడు. ఆ మాట వాడి నోట పుట్టింది కాదు. మా ఇంట్లో పుట్టింది.

సెప్టెంబరు, పునీత మత్తయి పండుగ

రాయాలా వద్దా అని పొద్దున్నించీ అనుకుంటున్నాను.

మధ్యాహ్నం చేతితొడుగులు కుట్టే హ్యూలిన్ ఇంటి వెనక నించి వస్తున్నాను. తోళ్లు ఆరబెట్టే కొట్టంలో మాటలు వినపడ్డాయి. ఆగాను. ఎమ్మోట్ గొంతు.

కొండ మీద ప్రభువు చేసిన బోధ చెబుతోంది. లాటిన్‌లో కాదు, మా మాటల్లో. చదవడం లేదు. ఆమెకి చదువు రాదు. హ్యూలిన్ దగ్గర ఇంగ్లీషు సువార్త ఉంది, చర్చి నిషేధించిన పుస్తకం. వాడు చదువుతుంటే విని విని మొత్తం నోటికి పట్టింది. ఎవరో మధ్యలో అడ్డొచ్చి, “అక్కా, మళ్లీ చెప్పు, పేదవాళ్ల గురించి,” అన్నారు. మగ్గాల ఇంటి సిస్లీ గొంతు. చంటిపిల్లకి పాలిస్తూ వింటోంది కాబోలు, పిల్ల ఏడుపు కూడా వినపడింది.

ముప్పయ్యేళ్లుగా నేను ఆ బోధ చదువుతున్నాను. ఎవరూ మళ్లీ చెప్పమని అడగలేదు.

కంచె పక్కన ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఒక చోట ఒక మాట తప్పు చెబుతుందేమో అని ఎదురు చూశాను. తప్పలేదు.

ఇంటికి వచ్చాక ఆమె భోజనం పెట్టింది. నేను విన్నానని ఆమెకి తెలుసు. బురద కాళ్లు చూసింది.

“కొట్టం వెనక తడి ఎక్కువ స్వామీ,” అంది. “ఈసారి లోపలికి రండి. బల్ల ఖాళీగానే ఉంటుంది.”

నాలుగు రోజుల తర్వాత

హ్యూలిన్ పారిపోయాడు. పుస్తకంతో సహా. పెళ్లాంపిల్లలు లేరు కాబట్టి సరిపోయింది.

బిషప్పు గారి విచారణాధికారి నది అవతల దిగాడట. పద్దెనిమిది మందిని పట్టుకున్నారు.

సెప్టెంబరు చివర

ఎమ్మోట్‌ని ఎక్కడికైనా వెళ్లిపొమ్మన్నాను.

“ఎక్కడికి?”

“నీ వాళ్ల దగ్గరికి.”

“నా వాళ్లెవరో మీకు తెలుసు కదా,” అంది.

అవును, తెలుసు. పదకొండేళ్ల కిందట వానలో తడిసి వచ్చింది. పని అడిగింది. అప్పటికి నెల రోజులై నేను చల్లటి జావ తాగుతున్నాను. పనిలో పెట్టుకున్నాను. ఆ చలికాలం ఒకరోజు చర్చిలో నా ముందు మోకరించి పాపాలు చెప్పుకుంది. ఒక్కసారే. ఏం చెప్పిందో నాకూ దేవుడికీ తెలుసు. అది ముద్ర వేసిన మాట, గురువు ఎవరికీ చెప్పకూడనిది. ఇక్కడ కూడా రాయను. నన్ను ముక్కలుగా కోసినా రాయను.

వంటమనిషి. పదకొండేళ్లుగా ఉంటున్న వంటమనిషి. అంతే.

మిఖేలు పండుగ మర్నాడు

విచారణాధికారి థర్లో గారు మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేశాడు. నలభై ఏళ్లుంటాయేమో. సన్నగా, మర్యాదగా ఉంటాడు. అరవడు. అరిస్తే బాగుండును.

“మీ ఊరు చాలా శుభ్రంగా ఉందే ఆస్బెర్ట్ గారూ,” అన్నాడు. “అవతల పద్దెనిమిది మంది దొరికారు. ఇవతల ఒక్కరూ లేరా? నది అంత లోతా?”

“మావాళ్లు పొలాల్లో పడి ఉంటారండీ. మతం గురించి వాదించే తీరిక ఎక్కడిది?”

“హ్యూలిన్‌కి తీరిక దొరికినట్టుందే.”

ఎమ్మోట్ మలుగు చేపలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆయన కంచంలో వడ్డిస్తూ, “ముల్లు జాగ్రత్త దొరా,” అంది. ఆయన ఆమె చేతుల కేసి చూశాడు. ఆమె వెళ్లేదాకా ఆగాడు.

“నా దగ్గర రెండు కాగితాలున్నాయి,” అన్నాడు. “ఒకదాంట్లో ఏడు పేర్లు. మీ గుడి పెద్ద ఇచ్చాడు. రెండో దాంట్లో ఇంకా ఏమీ రాయలేదు. పైన ఒక పేరు మాత్రం ఉంది. మీది.”

నేను కంచం పక్కకి జరిపాను.

“ఏడుగురినీ ఒకే గాటన కట్టకండి,” అన్నాను. “ఆరుగురు వినడానికి వెళ్లినవాళ్లు. అందులో చంటిపిల్లల తల్లి ఉంది. మంచం పట్టిన మొగుడున్న మనిషి ఉంది.”

“అంటే చెప్పింది ఏడో మనిషి.”

“నేనలా అనలేదు.”

“అనలేదు,” అని ఒప్పుకున్నాడు. “మీ వంటావిడ మాట ఈ వైపు మాటలా లేదే. ఎక్కడిది?”

“కెంట్.”

“కెంట్‌లో?”

“హాల్డెన్‌హర్స్ట్.”

“అక్కడివాళ్లని అడిగితే ఏమైనా తెలుస్తుందంటారా?”

నేనేమీ మాట్లాడలేదు. ఇది నిజం. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. తర్వాత ఆయన చేపలు బాగున్నాయన్నాడు. మా నదిలో ఎక్కడ దొరుకుతాయో చెప్పాను.

ఒక ఊరి పేరు చెప్పాను. అంతే. ఊరి పేరు రహస్యం కాదు. ఆమె యాస విన్న ఎవడైనా కెంట్ మనిషని చెబుతాడు.

మర్నాడు

మళ్లీ ఆలోచించాను. ఊరి పేరు పాపం కాదు. ఎవరి ఊరు వాళ్లకి ఉంటుంది. ఆమె ముద్ర కింద చెప్పింది ఊరి పేరు కాదు, వేరే. ఆ వేరేది నేను చెప్పలేదు.

పైగా ఆరుగురిని కాపాడాను.

అక్టోబరు, రెండో శనివారం

తీసుకెళ్లారు. ఏడుగురినీ.

మా ఇంటికి వచ్చేసరికి ఎమ్మోట్ మోచేతుల దాకా పిండిలో ఉంది. వచ్చిన ఇద్దరూ కుర్రవాళ్లేమీ కాదు, గడ్డాలు నెరిసినవాళ్లు, సిగ్గుపడుతూ గుమ్మంలో నిలబడ్డారు.

“చేతులు కడుక్కోనిస్తారా, ఇలాగే రానా?” అంది.

“కడుక్కో తల్లీ,” అన్నాడొకడు.

నిదానంగా కడుక్కుంది. పిండి మీద తడిగుడ్డ కప్పింది. నా వైపు తిరిగి, “గంటలో పొంగుతుంది. పక్కింటి ఆవిడని పిలిచి కాల్పించుకోండి. మీరు కాలిస్తే లోపల పచ్చిగా ఉంటుంది,” అంది.

“మొదటి తప్పుకి ఎవరినీ చంపరు,” అన్నాను. “ఇక నమ్మనని ఒట్టు పెట్టించుకుంటారు. చెప్పులు లేకుండా మూడు నాలుగు వారాలు తిప్పుతారు. వచ్చేస్తావు.”

నా మొహంలోకి చూసింది. ఎంతసేపో చూసింది.

“మొదటి తప్పుకి,” అంది.

రొట్టె కాల్పించుకోలేదు. పిండి పొంగి గిన్నె దాటి కిందికి కారింది. రెండు రోజులు అలాగే ఉంచాను.

అక్టోబరు, మూడో ఆదివారం

ఆరుగురు ఒట్టు పెట్టారు. ఇంటికి పంపేశారు. వరసగా మూడు ఆదివారాలు లోపలి చొక్కాతో, వట్టి కాళ్లతో, చేతిలో కొవ్వొత్తితో చర్చి చుట్టూ తిరగాలి. ఒక్కొక్క చుట్టుకి బెత్తం దెబ్బ. చూశారా, అంతే. నేను చెప్పినట్టే అయింది.

బెత్తం మాత్రం నా చేతికే ఇచ్చారు. ఊరి గురువే కొట్టాలట.

సిస్లీ చలికి వణుకుతోంది. చొక్కా ముందు భాగం పాలతో తడిసింది. పిల్లని ఎవరో ఎత్తుకుని గోడ దగ్గర నిలబడ్డారు, అది ఏడుస్తూనే ఉంది. మెల్లగా కొట్టాను. హామండ్ దగ్గరికి వచ్చి, “స్వామీ, దుమ్ము దులుపుతున్నారా?” అన్నాడు. ఆ తర్వాత గట్టిగా కొట్టాను.

ఎమ్మోట్ ఒట్టు పెట్టలేదట. పుస్తకం ఎక్కడుందో చెప్పమంటే తల వేలితో తట్టి చూపించిందట. “దీన్ని ఎక్కడ వెతుకుతారు?” అందట. థర్లో గారు నవ్వాడని ఆయన దగ్గర రాతపని చేసే రాయసగాడు చెప్పాడు.

అక్టోబరు, నాలుగో ఆదివారం

రెండో విడత. సిస్లీ నా వైపు చూడలేదు. కొట్టాను.

అక్టోబరు ఆఖరి ఆదివారం

మూడో విడత. అయిపోయింది. దేవుడికి స్తోత్రం.

ఆత్మల పండుగ, నవంబరు

కెంట్ నించి కాగితం వచ్చింది.

పన్నెండేళ్ల కిందట హాల్డెన్‌హర్స్ట్ సంతలో థామస్ టర్వీ అనేవాడూ, వాడి పెళ్లాం ఎమ్మోటూ భుజాన కట్టెలమోపు మోసుకుంటూ తిరిగి, తప్పుడు నమ్మకాలు వదిలేశామని అందరి ముందు ఒట్టు పెట్టారు. మళ్లీ ఇలాంటివి నమ్మితే ఆ కట్టెలతోనే కాల్చమని ఒప్పుకుంటూ కాగితం మీద గుర్తు పెట్టారు. థామస్ తర్వాత రెండేళ్లలోపే జైల్లో చనిపోయాడు. పెళ్లాం కనపడకుండా పోయింది.

కాబట్టి ఇది మొదటి తప్పు కాదు.

ఇప్పుడు ఇక్కడ రాయవచ్చు. కాగితమే చెప్పింది కాబట్టి నేను చెప్పినట్టు కాదు. ఆ చలికాలం ఆమె నా ముందు మోకరించి చెప్పింది ఇదే. ఒట్టు పెట్టడం తన జీవితంలో చేసిన ఒకే ఒక పెద్ద పాపమని చెప్పింది. చావుకి భయపడి అబద్ధపు ఒట్టు పెట్టానంది. మొగుడు తనని చూసి పెట్టాడంది. నేను ఏం శిక్ష వేశానో గుర్తు లేదు. పది ప్రార్థనలు చెప్పుకోమన్నానేమో.

నవంబరు, పునీత మార్టిన్ పండుగ

ఎమ్మోట్‌ని రాజు గారి మనుషులకి అప్పగించారు. చర్చి ఎవరి రక్తమూ చిందించదు. అది వాళ్ల పని.

నవంబరు 15

వెళ్లి చూశాను. నగరానికి రోజంతా నడక. నేను ఊరి గురువునని చెబితే లోపలికి పంపారు.

చిక్కింది. జుట్టు కత్తిరించేశారు. గోడకి ఆనుకుని కూర్చుంది, నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చుంది.

“మీకు ఎవరు వండుతున్నారు?” అని అడిగింది.

“ఎవరో ఒకరు.”

“మొహం చూస్తే ఎవరూ వండుతున్నట్టు లేదు.”

దుప్పటి తెచ్చానని చెప్పాను. బయట కాపలావాడు తీసుకున్నాడు, ఇస్తాడో లేదో అన్నాను. ఇవ్వడులెండి, వాడికి కూడా చలే కదా అంది.

తర్వాత నిదానంగా అడిగింది.

“కెంట్ నించి కాగితం తెప్పించారట.”

“అవునట.”

“కెంట్ అంటే చిన్నదా స్వామీ? ఏ ఊరు అడగాలో వీళ్లకెలా తెలిసింది?”

“నీ యాసని బట్టి పట్టుకుని ఉంటారు.”

“యాసలో ఊరి పేరు కూడా ఉంటుందా?”

నేను నేలకేసి చూశాను.

“నేను దేవుడికి చెప్పుకున్నాను,” అంది. “సరిపోయింది. గురువు అక్కర్లేదని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. కానీ ఆ చలికాలం మా ఆయన పోయాడు, నాకు మాట్లాడే దిక్కు లేదు. ఒక మనిషికి కూడా చెప్పాలనిపించింది. మొహం ఉన్న మనిషికి. మీరు జావ చల్లారిపోయినా తాగేవారు, పోట్లాడేవారు కాదు. ఈయన మంచివాడు అనుకున్నాను.”

“ఎమ్మోట్.”

“మంచివాళ్లే మీరు. ఎవరైనా గట్టిగా అడిగేదాకా.”

చెప్పడానికే వెళ్లాను. రోజంతా నడుస్తూ మాటలు కూర్చుకున్నాను. ఆ క్షణంలో దుప్పటి గురించి మళ్లీ ఏదో అన్నాను. కాపలావాడికి నేను చెబుతానన్నాను.

లేస్తుంటే అంది, “రేపో ఎల్లుండో మీవాళ్లొచ్చి చివరిసారి పాపాలు చెప్పుకోమంటారట. వద్దంటాను. ఒకసారి చెప్పుకుని చూశాను కదా.”

నవంబరు 19

వెళ్లాను. వెళ్లకపోతే ఎందుకు రాలేదంటారు.

నవంబరు 22

నిన్నా మొన్నా రాయలేకపోయాను.

కట్టెలు తడిగా ఉన్నాయి. రెండు రోజులు వాన పడింది, ఎవరూ కప్పి ఉంచలేదు. అందువల్ల చాలాసేపు పట్టింది. ఇది రాయక తప్పదు, ఎవరో ఒకరు రాయాలి. చాలాసేపు పట్టింది. నా పక్కన ఒకావిడ ఆపిల్ తింటూ చూసింది. చివరికి ఆవిడ కూడా తినడం మానేసింది.

ఎమ్మోట్ కొండ మీది బోధ మొదలుపెట్టింది. కొట్టంలో చెప్పినట్టే, అదే గొంతుతో, సిస్లీకి చెబుతున్నట్టు. పొగ లేచినా ఆపలేదు. దగ్గొచ్చినప్పుడు ఆగి, ఆగిన చోట నించే మళ్లీ అందుకుంది. శత్రువుల గురించి చెప్పే చోట ఆగిపోయింది.

తర్వాతి మాట నాకు తెలుసు. ఆ తర్వాతిది కూడా. లాటిన్‌లో కాదు, ఆమె చెప్పిన మాటల్లోనే. నాలో నేను చివరిదాకా చెప్పుకున్నాను. పెదవులు కదిలాయేమో. హామండ్ నా వైపు చూశాడు. జపం చేసుకుంటున్నాననుకుని ఉంటాడు.

డిసెంబరు, ఆగమన కాలం మొదటివారం

సిస్లీ వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేదు. చంటిపిల్ల భుజం మీద నిద్రపోతోంది.

“ఒక్క మాట అడిగి పోతాను స్వామీ.”

“అడుగమ్మా.”

“ఆ కెంట్ సంగతి అక్క మాకెవరికీ చెప్పలేదు. హ్యూలిన్‌కి కూడా తెలియదు. అక్కకి పెళ్లయిందని కూడా నాకు తెలియదు. నన్ను విచారణలో మూడు రోజులు కూర్చోబెట్టి అడిగారు. తెలిసుంటే చెప్పేసేదాన్నేమో. పిల్ల ఉంది కదా, చెప్పేసేదాన్నే. కానీ తెలియదు.” పిల్లని ఇంకో భుజం మీదికి మార్చుకుంది. “ఎవరికి తెలుసు స్వామీ?”

“నీ మీద మళ్లీ కేసు రాకుండా నేను చాలా పాటుపడ్డాను సిస్లీ.”

“నేనది అడగలేదండీ.”

వెళ్లిపోయింది. సంతకి వెళ్లే దారిలో ఇద్దరు ఆడవాళ్లు ఆమెని ఆపి ఏదో అడగడం కిటికీలో నించి చూశాను. ముగ్గురూ ఒకసారి మా ఇంటి వైపు చూశారు.

జనవరి 9, 1430

ఇక ఉండలేక నగరానికి వెళ్లాను. థర్లో గారి గదిలో మంచి మంట ఉంది. కుర్చీ వేయించాడు. వేడి బీరు తెప్పించాడు.

“చెప్పండి ఆస్బెర్ట్ గారూ.”

“నా మీద విచారణ జరపండి,” అన్నాను. “పాపాలు చెప్పుకున్నప్పుడు విన్న మాటని బయటపెట్టాను. ఆ ఎమ్మోట్ విషయంలో. ఆమె కెంట్ సంగతి నాకు ఆ ముద్ర కింద తప్ప ఇంకోలా తెలియదు. మీరు ఊరు అడిగితే చెప్పాను. ఎందుకు అడుగుతున్నారో తెలిసే చెప్పాను.”

ఆయన కలం కింద పెట్టాడు. లేచి తలుపు వేశాడు. రాయసగాడు బయటికి వెళ్లిపోయాడు.

“మీరు ఏమన్నారో అర్థం చేసుకునే అన్నారా?”

“ఆ.”

“అయితే నేను అర్థం చేసుకున్నది చెబుతాను, వినండి. గురువు ముద్ర విప్పితే అతన్ని జీవితాంతం మఠంలో మూసి ఉంచుతారు. అది మీ సంగతి. అలా బయటికొచ్చిన సాక్ష్యం చెల్లదు. అది నా సంగతి. చెల్లని సాక్ష్యం మీద ఒక మనిషిని అప్పగించాం, కాల్చారు. అది బిషప్పు గారి సంగతి. ఇంతమంది సంగతి ఒక కాగితం మీద పెట్టమంటున్నారు మీరు.”

“పెట్టండి.”

“మీరు ఒక ఊరి పేరు చెప్పారు. ఊరి పేరు రహస్యం కాదు. ఆవిడ యాస విన్న ఎవడైనా కెంట్ మనిషని చెబుతాడు.”

అవే మాటలు. నేను ఈ పుస్తకంలో రాసుకున్న మాటలే. ఎవరికీ చూపించలేదు. చూపించక్కర్లేదు కాబోలు. అందరికీ అవే మాటలు దొరుకుతాయి కాబోలు.

“అక్కడ అడిగితే తెలుస్తుందా అని మీరన్నారు,” అన్నాను. “నేను తల ఊపాను.”

చెప్పేశాను. ఇప్పుడు ఇక్కడ కూడా రాశాను. తల ఊపాను.

థర్లో గారు చాలాసేపు మంట కేసి చూశాడు. ఆయన మొహం చూస్తే నాకంటే పెద్దవాడిలా ఉన్నాడు.

“నేను చూడలేదు,” అన్నాడు చివరికి. “చేపలో ముల్లు తీసుకుంటున్నాను.”

తర్వాత ఒక కాగితం నా ముందు పెట్టాడు. సాక్షిగా నాకు ఎమ్మోట్ గురించి అందరికీ తెలిసిన విషయాలే తెలుసునని, పాపాలు వినే సమయంలో తెలిసినది ఏదీ బయటపెట్టలేదని అందులో ఉంది. నేను రాకముందే రాయించి ఉంచినట్టున్నాడు. నాలాంటి వాళ్లు ముందు కూడా వచ్చి ఉంటారు.

“ఊరి పేరు చెప్పారు. అంతే కదా?” అన్నాడు.

బయట మంచు పడుతోంది. రోజంతా నడిచి వచ్చాను. లేదు అనడానికే వచ్చాను. మఠంలో మూసి ఉంచే గదికి కిటికీ ఉండదట, రొట్టె ఒక కంతలో నించి లోపలికి తోస్తారట.

“అంతే,” అన్నాను.

సంతకం పెట్టాను.

విభూతి బుధవారానికి ముందు రోజు, 1430

ఏటా ఈ రోజుల్లోనే ఊరంతా వచ్చి పాపాలు చెప్పుకుంటారు. తపస్కాలం మొదలవకముందే చెప్పుకోవాలి, తప్పనిసరి. రానివాళ్ల పేర్లు రాసి పంపాలి. పోయిన ఏడాది నాలుగు రోజులు పట్టింది. మగ్గాల వాళ్ల కొట్లాటలు, పొలం గట్లు జరపడాలు, కల్తీ బీరు, పక్కింటావిడ మొగుడి మీద కన్ను వేయడాలు, తల్లిని కొట్టిన చేతులు. సాయంత్రానికి చెవులు మంటెత్తేవి.

ఈసారి ఎవరూ మానలేదు. ఒక్కరి పేరు కూడా రాయక్కర్లేదు. పొద్దున్నే వరస కట్టారు, చలిలో, మాటా పలుకూ లేకుండా. మొదట ముసలి చెప్పులవాడు వచ్చి మోకరించాడు.

“చెప్పు నాయనా.”

“ఏమీ లేదు స్వామీ.”

“ఏడాదంతా ఏమీ లేదా?”

“ఏమీ లేదండీ.”

ఆశీర్వదించాను. లేచాడు. వెనక ఆవిడ వచ్చింది. ఏమీ లేదు స్వామీ. తర్వాత మగ్గాల వాళ్లు, తాగి పెళ్లాన్ని కొట్టినవాడు, సంతలో పక్కవాడి మేకని దొంగిలించి దొరికిపోయినవాడు. వాడిని నేనే విడిపించాను. ఏమీ లేదు స్వామీ. సిస్లీ వచ్చింది. మోకరించి నా కళ్లలోకి చూసింది. మిగతావాళ్లలా గొంతు తగ్గించలేదు. ఏమీ లేదండీ, అని అందరికీ వినపడేలా చెప్పింది. చివరికి హామండ్ కూడా వచ్చాడు. చేతులు కట్టుకుని, నేలకేసి చూస్తూ అదే మాట అన్నాడు. హామండ్ కూడా.

మధ్యాహ్నానికల్లా అయిపోయింది. చర్చి ఖాళీ అయింది. ఇంకెవరైనా వస్తారేమోనని పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాను.

ఈ ఏడు మా ఊళ్లో ఎవరూ ఏ పాపమూ చేయలేదు.